హద్దురాయి సాక్షి

"అతుక్కున్నాయి!" అన్నాడు బుర్గోస్ పట్నం నుంచి వచ్చిన సర్వేయరు క్వింతిన్.

గుంటలోంచి తీసిన రెండు పెంకు ముక్కలు అతని అరచేతిలో ఒకే పెంకుగా అమరాయి. "హద్దుకి గుర్తుగా రెండుగా విరిచి పాతే సాక్షి పెంకు దొరికింది. అంటే హద్దురాయి ఉండాల్సిన చోటే ఉంది. ఈ ఊట పొరుగూరు పెన్యాల్తా వాళ్లది."

జనం గొల్లుమన్నారు. చర్చి గంట విని ఒంతారూబియా ఊరంతా ఆ మిట్ట మీదకి చేరింది. ఆ ఊళ్లో ఓటున్న ప్రతివాడూ ఊరిసభలో సభ్యుడే, చేతులెత్తితే అదే తీర్మానం. ఊరిపెద్ద బెనీల్దే ఊట వైపు చూసింది. ఈ కరువులో ఊట పోతే గొర్రెలు పోతాయి. గొర్రెల వెనకే ఊరూ పోతుంది.

"పెన్యాల్తా దొంగలే రాయి జరిపారు!" ముసలి సతూరియో కర్ర ఝళిపించాడు.

"రాయికి కాళ్లొచ్చినా పెంకులకి కూడా వస్తాయా తాతా?" నవ్వాడు సర్వేయరు.

బెనీల్దే తమ్ముడు లెయోన్సియో ఆమె భుజం తట్టాడు. "పోనీలే అక్కా. గొడవెందుకు? సంతకం పెట్టెయ్."

ఊళ్లో అందరి గొర్రెలకీ ఎముకలు తేలాయి. వాడివే నున్నగా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో!

"పెంకు రాయి కిందే దొరికిందా, క్వింతిన్ గారూ?"

"లేదమ్మా. చుట్టూ తవ్వితే, చర్చి గోపురం వైపు బారెడు దూరంలో దొరికింది."

బెనీల్దే పార అందుకుని ఊట దాటి, రాయి ఎప్పుడూ ఉండే చోటికి నడిచింది. గోపురం వైపు బారెడు జరిగి తవ్వింది. నాలుగు పారలకే మట్టి నల్లబడింది.

"బొగ్గు. పెంకు కింద మా పొయ్యి బొగ్గు గుప్పెడు పోస్తాం, అది కుళ్లదు. పెంకు ఏరుకెళ్లినవాడు మట్టిలో కలిసిపోయిన దీన్ని ఏరలేకపోయాడు."

"చెప్పలా? పెన్యాల్తా వాళ్లే!"

"సాక్షి రాయి కింద ఉండదని వాళ్లకెలా తెలుస్తుంది తాతా? పాతినవాళ్లు ఆ చోటు ఎవరికీ చెప్పకూడదు, అది మన కట్టుబాటు."

సతూరియో కర్ర దించాడు. "ఎవరు పాతారు?"

లెయోన్సియో ముఖం పాలిపోయింది. "అక్కా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"నీ గొర్రెలు ఎవరి గడ్డి మేస్తున్నాయిరా?"

"ఎలాగూ చచ్చే ఊరే కదక్కా ఇది!" వాడు గొంతు తగ్గించాడు. "ఊటకి బదులు పెన్యాల్తా పచ్చిక నాకు దక్కితే తప్పేంటి?"

ఆనాడు ఆమె ఒక ముక్క పాతితే, రెండో ముక్కని గుంటలో పెట్టింది వాడి చెయ్యే. ఎవరికీ చెప్పనని నాన్న పేరు మీద ఒట్టేసిందీ వాడి నోరే.

"సభలో పైకి పేరు పలక్కపోతే ఫిర్యాదు లేనట్టే, బెనీల్దే," అన్నాడు సతూరియో మెల్లగా. "ఫిర్యాదు లేకపోతే ఊటా లేదు."

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

బెనీల్దే ఊరి వైపు తిరిగింది.

"హద్దురాయి జరిపింది లెయోన్సియో. నా తమ్ముడు."