చేతులు చల్లబడే గది

స్టవ్ దగ్గర్నుంచి వచ్చిన చేతులతో వాచీ ముట్టుకోకూడదు. మా ఫ్యాక్టరీలో అది పద్ధతి. వేలికి చెమ్మ ఉంటే చక్రాల మీద ముద్ర పడుతుంది, నెల తిరక్కుండా అక్కడే తుప్పు. అందుకని పొద్దున్నే అందరం బయటి గదిలో బల్ల మీద చేతులు పరుచుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటాం. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని ఇరవై నిమిషాలవి. కళ్లు తెరుచుకుని కలలు కనడం అక్కడే నేర్చుకున్నాను.

ఇంట్లో మేం ముగ్గురం, నేనూ మా ఆయనా అత్తగారూ. వాళ్లిద్దరికీ కలిపి నాలుగు చేతులున్నా పని మాత్రం నా రెండిటికే తెలుసు. "గడియారాలు చేసే మనిషివి, టీ టైముకి ఇవ్వలేవా?" అంటుంది అత్తగారు. ఆ మాటకి మా ఆయన పదహారేళ్లుగా కొత్తగా విన్నట్టు నవ్వుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టింది ఇక్కడి గాలిని చూసే. ఉక్కపోత లేదు, దుమ్ము లేదు, వాచీలో వేసే చుక్క నూనె చిక్కబడేది కాదు, ఎండిపోయేది కాదు. ఇప్పుడు ఎండలు ముదిరాయి, గోడలకి చెమ్మ. మిషన్లు పెట్టి ఎంత చల్లబరిచినా గది మాట వినడం లేదు. కంపెనీ కొండ మీది ఊరికి పోతోంది. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా పేరివ్వాలన్నారు, ఉండటానికి గది ఇస్తారట. ఆ వారమంతా బల్ల మీద చేతులు పెట్టుకుని నేను ఆ ఊళ్లోనే తిరిగాను. పొడి చలి, ఒక కిటికీ, ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఎవరో ఆడమనిషి కాళ్లు పైకి పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉండేది. నాలుగో రోజుకి గాని ఆమె నేనేనని పోల్చుకోలేదు.

ఇంట్లో కదిపి చూశాను. "ఆ చలిలో నువ్వేం ఉంటావులే. అమ్మని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా. 'మీరు' అనాలని నోటిదాకా వచ్చింది.

శుక్రవారం పేరు రాయడానికి వెళ్తే సూపర్‌వైజరమ్మ జాబితా నా వైపు తిప్పింది. నేను నోరు తెరవకముందే నా పేరు రానివాళ్లలో ఉంది.

"మీ ఆయన ఫోన్ చేశాడమ్మా. నువ్వే చెప్పమన్నావట కదా?"

"నేను చెప్పమనలేదండీ," అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి పెన్ను చేతికిచ్చింది.

ఇంత చిన్న వాచీకి గాలి పడటం లేదని అంత పెద్ద ఫ్యాక్టరీ లేచి కదులుతోంది. నాకు ఏ గాలి పడుతుందో ఇన్నేళ్లలో ఒక్కళ్లూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు, ఆ మాటా ఒప్పుకోవాలి. అక్కడ పేరు కొట్టేసి, వచ్చేవాళ్ల కింద రాశాను.

సాయంత్రం మా ఆయన ఏమీ ఎరగనట్టు టీవీ చూస్తున్నాడు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నాకు ఈ ఇంటి గాలి పడటం లేదండీ. సోమవారం బయల్దేరుతున్నాను."