నలభై సాయంత్రాల బూట్లు

పొద్దున్నే ఒటీలియా లేచి, పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టె కాలుస్తున్న కూతుర్ని చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతుంది.

"నూబియాని. నీ కూతుర్ని."

"అలాగా. ముక్కు మాత్రం తులియోదే. ఏడీ మీ నాన్న, ఇంకా లేవలేదా?"

"పొలానికెళ్ళాడు."

తులియో పోయి మూడేళ్ళయింది. రోజూ చెప్పి రోజూ కొత్తగా ఏడిపించడం ఎందుకని ఆ అబద్ధం.

బెల్లం నీళ్ళు తాగి ఒటీలియా పీట మీద కూర్చుంటుంది. "ఈ తోలు ఎందుకే?" అని అడిగేలోపే ఆమె చేతులు దారానికి మైనం పట్టించేస్తాయి. తల వదిలేసిందంతా చేతుల్లో ఉండిపోయింది.

ఆ కొండ ఊళ్ళో నలభై అయిదు దాటితే చాలా ఇళ్ళలో మతిమరుపు. రక్తంలోనే ఉంది. అందుకే ఒటీలియా బూట్లకి గిరాకీ. ఎవరో ఒకరు వాటిని తొడుక్కుని బజారు నుంచి ఇంటి గుమ్మం దాకా నలభై సాయంత్రాలు నడిస్తే, బూట్లకి దారి వచ్చేస్తుంది. ఇక మతిలేని మనిషికి అవి తొడిగితే చాలు, చర్చి గంట కొట్టగానే అవే ఇంటికి చేరుస్తాయి. కొత్తవి కాస్త మొండికేస్తాయి, మలుపుల దగ్గర.

ఊరందరికీ కుట్టిన ఒటీలియా తనకి మాత్రం కుట్టుకోలేదు. మతిమరుపు మొదలైన కొత్తలో, ఓ వానరోజు బజార్లో నిలబడి ఇంటికి దారి అడిగింది. డామినో ఆడుతున్న ఎవేలియో లోయ వైపు వేలు చూపించి, "తిన్నగా పో తల్లీ" అని పక్కవాళ్ళకి కన్ను కొట్టాడు. ఆమె మర్నాడు దొరికింది. ఆమెని వెతకబోయిన తులియోని లోయలోంచి దుప్పట్లో మోసుకొచ్చారు. "సరదాకన్నాను" అన్నాడు ఎవేలియో. ఊరు సరేలే అంది.

ఈ ఏడు ఎవేలియో భార్య రోసల్బా, మొగుడి పాదం కొలత గీసిన కాగితం పట్టుకుని వచ్చింది.

"మా ఆయనకీ మొదలైంది నూబియా. నిన్న నన్ను పట్టుకుని, ఎవరి పెళ్ళానివి అన్నాడు."

"మీరేమన్నారు?"

"ముప్ఫై ఏళ్ళుగా నేనూ అదే అడుగుతున్నా అన్నాను." నవ్వి, వెంటనే తల దించుకుంది. "నాకు మోకాళ్ళు పనిచెయ్యవు. దారి నేర్పడం కూడా నువ్వే చేసిపెట్టమ్మా. పాతవి మనసులో పెట్టుకోకు."

"ఎప్పటి మాటలెండి అవి."

ఆ బూట్లు కుడుతుంటే దారం తెగింది. అమ్మ చేతుల్లో దారం తెగడం నూబియా ఎప్పుడూ చూడలేదు.

"ఎవరివే ఇవి?"

"ఎవరివో."

"గట్టిగా కుట్టాలనిపిస్తోంది. జన్మలో ఊడకుండా."

నూబియా ఆ బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుంది. రోజూ సాయంత్రం బజారు నుంచి లోయ అంచున, నాన్న పడిన చోట పాతిన శిలువ దాకా వెళ్ళి, కాసేపు ఆగి, అక్కణ్ణుంచి ఎవేలియో ఇంటికి నడిచింది. శిలువ దాటి మూడడుగులేస్తే లోయే. మొదటి వారం ఆమె ధ్యాసంతా ఆ మూడడుగుల మీదే. అవి నేర్పాలంటే తనూ వెయ్యాలి. అయినా ఒక్కసారి చస్తే వాడికేం సరిపోతుంది?

"చుట్టుదారేంటే?" అని ఎవరో అడిగారు.

"నడక మంచిది, పెద్దాయనకి."

నలభై ఒకటో సాయంత్రం గంట కొట్టింది. నూబియా శిలువ పక్క రాయి మీద కూర్చుంది. బూట్లు మలుపులో కాస్త మొండికేసినా, ఎవేలియోని తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాయి.

"ఎవరిదమ్మా ఈ శిలువ?"

"తులియోది. భార్యని వెతుకుతూ వచ్చి పడిపోయాడు."

"అయ్యో. ఆవిడ ఇటెందుకొచ్చింది?"

"ఇంటికి దారి అడిగితే ఒకడు నవ్వుతూ ఇటు చూపించాడు."

"ఎవడా పాపిష్టోడు?"

"నువ్వే, ఎవేలియో."

కాదనబోయాడు. ఈలోపు అతని కుడిచెయ్యి దానంతటదే లేచింది. వేలు లోయ వైపు తిరిగింది. ఎడమకన్ను ఆ రోజులాగే గీటింది. ఎవేలియో ఆ చేతిని ఎవరిదోలా చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

నూబియా ఓదార్చలేదు. ఏడవనిచ్చింది. కాసేపటికి బూట్లు అతన్ని లేపి ఇంటి వైపు తిప్పాయి. గుమ్మం చేరేసరికి కళ్ళెందుకు తడిశాయో అతనికి తెలీదు.

ఇంట్లో ఒటీలియా అడిగింది, "నాన్న వచ్చాడా?"

"పొలంలో పనుంది. రేపొస్తాడు."

మర్నాడు గంట కొట్టకముందే నూబియా శాలువా సర్దుకుని రాయి మీద కూర్చుంది. గంట మోగిన కాసేపటికి మలుపులో బూట్ల చప్పుడైంది. ఈసారి మొండికెయ్యలేదు.

"ఎవరిదమ్మా ఈ శిలువ?" అన్నాడు ఎవేలియో.