సగంలో ఆగినవాళ్ళు

శేషగిరి కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, రోజూ చూసినట్టే సగంలో ఆగిపోయినవాళ్ళ పేర్లు తెర మీద చూస్తున్నాడు. యాభై దాటి చాన్నాళ్ళయిన మనిషి. నున్నటి బట్టతల, చెవుల పైన తెల్లటి వెంట్రుకలు, ఢిల్లీ ద్వారక చలికి స్వెట్టరు మీద స్వెట్టరు. ఆ గృహనిర్మాణ సంఘం ఆఫీసులో వెబ్‌సైటు పని అతనిదే. ఫ్లాటు యజమాని పోతే దాన్ని భార్య పేరుకో పిల్లల పేరుకో మార్చుకోవడానికి అందులోనే దరఖాస్తు చెయ్యాలి.

దాన్ని అతను స్కీమ్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. ఢిల్లీలో స్కీమ్ అంటే సర్కారు పథకమే కాబట్టి లబ్ధిదారులెందరని కొందరు వేళాకోళం చేసేవారు. సామర్లకోట నుంచి డేటా ఎంట్రీ ఉద్యోగానికొచ్చి, కటవారియా సరాయ్‌లో గది తీసుకుని, సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్న భాష అది. తనతో కూడా నేర్చుకున్నవాళ్ళు జావా అనే గిరాకీ ఉన్న భాష పట్టుకుని గుర్‌గావ్ వెళ్ళి కార్లు కొన్నారు. ఇతను మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. ఉడుంపట్టు అనుకుంటారేమో, అంత పట్టుదల గల మనిషి కాదు. దేన్నీ వదలడం చేతకాదు, అంతే.

ఆ భాషలో అతనికి ప్రాణప్రదమైనది ఒకటుంది. దరఖాస్తు రాస్తున్న మనిషి మధ్యలో లేచిపోతే, ప్రోగ్రాము అక్కడే ఆగి, అప్పటిదాకా రాసినదంతా పట్టుకుని కూర్చుంటుంది. మర్నాడొచ్చినా నెల తర్వాతొచ్చినా అదే పేజీ నుంచి సాగుతుంది. ఎంతకాలం ఆగాలో దానికో గడువు పెట్టాలి. శేషగిరి ఆ గడువు తీసేశాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని తొందరపెట్టడమేమిటని అతని ఉద్దేశం. పైగా చివరి బటన్ నొక్కితే తప్ప రాసిందేదీ రికార్డుకెక్కదు. మెషిన్ ఆపితే సగం రాసినవన్నీ గంగపాలే. ఆగినవాళ్ళు పేరుకుపోయి మెషిన్ నత్తనడక పట్టింది. తప్పు తనదేనని తెలిసీ అతను దిద్దుకోలేదు.

చివరికి సంఘం కొత్త సైటు చేయించింది. అందులో ఇరవై నిమిషాలు కదలకపోతే బయటికి నెట్టేస్తుంది. పాతదాన్ని ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆపెయ్యాలి. దాంతోపాటే శేషగిరి కాంట్రాక్టూ ముగుస్తుంది.

వారం నుంచీ అతను ఒక్కొక్కరికే ఫోన్ చేసి పూర్తి చేయించాడు. ఇక మిగిలింది తాయారమ్మ ఒక్కతే. భర్త వీరరాఘవులు వేసవిలో ఆస్పత్రిలో పోయాడు. ఆవిడ కూతురి కంప్యూటర్ ముందు కూర్చుని పేజీకి కొన్ని వారాల చొప్పున రాసుకుంటూ వచ్చి, మరణించిన తేదీ అడిగే పేజీలో ఆగిపోయింది. అప్పుడప్పుడూ ఆ పేజీ తెరుస్తుంది, చూస్తుంది, మూసేస్తుంది. భర్త పేరుకి ముందు ‘లేట్’ అన్న ముక్క చేర్చడానికే నెల పట్టిందని కూతురు ఓసారి చెప్పింది. మళ్ళీ మొదటినుంచీ రాయమంటే ఆవిడ ఇక ఆ జోలికే రాదని శేషగిరి భయం.

పొద్దుట ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం ముందు పెట్టుకుని మళ్ళీ చేశాడు, అప్పుడూ అంతే. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. సాయంత్రం కొత్త మేనేజరు మనోహర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. వరంగల్ కుర్రాడు, పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్నవాడు.

“ఐదైతుంది సార్. ఆపమని పైనుంచి చెప్పిన్రు, నేనేం జెయ్యాలె?”

కాస్త వ్యవధి ఇమ్మని శేషగిరి బతిమాలుకున్నాడు. మనోహర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శేషగిరి మళ్ళీ చేస్తే ఈసారి తాయారమ్మే ఫోన్ ఎత్తింది. ఎందుకు చేశాడో చెప్పక్కర్లేకపోయింది.

“అన్ని కాయితాల్లోనూ పిల్లే రాసింది బాబూ ఆ తేదీ. ఇదొక్కటీ నేనే రాస్తానన్నాను. రాయబోతే చేతులు రావట్లేదు.”

ఉండనీ, తనే రాసేస్తానని వెనక నుంచి కూతురి గొంతు హిందీలో వినబడింది. “రహ్‌నే దో మమ్మీ, మై కర్ దేతీ హూ.”

ఆ అమ్మాయినే రాసెయ్యమంటే నిమిషంలో తేలిపోయేది. శేషగిరికి నోరు రాలేదు.

“ఈ మెషిన్‌ని ఇవాళ ఆపేస్తున్నారమ్మా,” అన్నాడు. “ఇన్నాళ్ళూ మీకోసం ఆగింది. ఇంక ఆగడం దాని వల్ల కాదండి.”



“అదీ పోతోందా?” అంది ఆవిడ. “ఆయన్నీ ఇంకాస్త ఉండమనే అన్నాను బాబూ.”

అటువైపు ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఒక్కొక్క మీటా నొక్కుతున్న చప్పుడు, మధ్యలో చాలా ఎడం. శేషగిరి తెర చూస్తున్నాడు. తాయారమ్మ పేరు తర్వాతి పేజీకి జరిగింది, ఆ తర్వాతి దానికి జరిగింది, ఆపైన తెర మీద నుంచి మాయమైంది. ఆ ఏడాది వీరరాఘవులు రెండుసార్లు పోయాడు. రెండోది ఇది, భార్య ఒప్పుకున్నాక.

ఆగినవాళ్ళు ఎవరూ లేని తెరని శేషగిరి మొదటిసారి చూస్తున్నాడు. సంతోషం వేస్తుందనుకున్నాడు, ఏడుపొచ్చింది. మనోహర్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. స్విచ్చు మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా శేషగిరే మెషిన్ ఆపాడు. లోపలి ఫ్యాను రొద తగ్గుతూ తగ్గుతూ పోయింది. అతను మఫ్లర్ చుట్టుకుని లేచాడు.

మనోహర్ ఫోన్ వంక చూశాడు. “పెట్టేస్తరా సార్?”

“ఆవిడింకా పెట్టలేదండీ. ఉండనివ్వండి.”

శేషగిరి మెట్రోవైపు నడిచి వెళ్ళిపోయాడు. కాసేపటికి మనోహర్ కూడా లైటు తీసేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. చీకటి పడుతున్న గదిలో, బల్ల మీద వెల్లకిలా పెట్టిన రిసీవర్లోంచి, ఎవరో గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు సన్నగా వస్తోంది.