అటు పన్నెండు, ఇటు పన్నెండు

శవం వీపు మీద ఆఖరి చెంబు పోసి, డోరమ్మ చేతులకున్న సబ్బు నురగ గోడకు విదిలించింది. చర్చి సంఘంలో ఎవరు పోయినా కడపటి స్నానం చేయించేది ఆమే. ముప్పై ఏళ్ళ కొలువు. ఆమె పనితనం మెచ్చుకోవలసినవాడు ఒక్కడూ నోరు విప్పే స్థితిలో ఉండడు.

నిజాం సైన్యం లొంగిపోయిన మూడోరోజు. సంఘం ముద్ర ఉన్న చీటీ లేనిదే కాపలావాళ్ళు రైలుగేటు దాటనివ్వడం లేదని ఊరంతా చెప్పుకుంటోంది. గేటవతల సీతాఫల్‌మండిలో కూతురు ఎమిలీకి తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి జకర్యా, “ముందు శవం సంగతి చూడు, చీటీ రాస్తా” అన్నాడు.

ఆ పని ముగించి వచ్చింది. ఉపదేశి ఇంటి వరండాలో జకర్యా, బడిపంతులు జ్ఞానశేఖర్ మాంసం తింటూ హవ్వ పుట్టుక తేలుస్తున్నారు. ఒళ్ళో వేదం, గొంతులో వాదం, పళ్ళసందున పీచు.

“మొదటి అధ్యాయంల దేవుడు ఇద్దర్నీ ఒక్కసారే చేసిండని ఉంది గద, ఉపదేశిగారూ.”

“రెండోది సదవలేదా పంతులూ? ఆదాము పక్కటెముక తీసి చేసిండు. అందుకే ఇయ్యాల్టికి సుత మగోనికి ఒకటి తక్కువ. ఆడదంటే మననుంచి ఊడిన తునక.”

జకర్యా ఎముక జుర్రాడు. మూలుగ గడ్డం మీదికి కారింది. డోరమ్మ మెట్టు దగ్గరికి జరిగింది.

“అయ్యగారూ, జెర చీటీ. బిడ్డకు తక్లీఫ్ అయితున్నది.”

“హవ్వను పుట్టనియ్యవమ్మా ముందుగాల.”

“తక్కువ లేదయ్యా.”

“ఏందీ?”

“ఎముక. గిప్పుడే సబ్బు రాసొచ్చిన. మగోళ్ళకు సుత అటు పన్నెండు, ఇటు పన్నెండు.”

పంతులు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు మండిపోయిన జకర్యా ఆదాము దగ్గర్నుంచి మళ్ళీ షురూ చేశాడు. అడగక చెప్పినందుకు డోరమ్మ పెదవి కొరుక్కుంది. పొద్దు నడినెత్తి దాటాక గాని చీటీ మీద ముద్ర పడలేదు. ముద్ర పక్కన జకర్యా జిడ్డు బొటనవేలి గుర్తూ పడింది.

గేటు దగ్గర సిపాయి చీటీ చూడనేలేదు, పొమ్మని చెయ్యూపాడు.

ఎమిలీ ఇంట్లో పొరుగింటి పీరాంబీ పుట్టిన ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “గంటయింది అక్కా, తల్లి పానం పొయ్యి” అంది.

డోరమ్మ నీళ్ళు కాచింది. కూతురికి స్నానం చేయించింది. అలవాటుగా వేళ్ళు పక్కటెముకల మీద ఒక్కొక్కటే నడిచాయి. తర్వాత పిల్లను కొంగున చుట్టుకుని బయటికి వెళ్ళింది.

స్నానం పీట కింద తడిలో, ఆమె కొంగులోంచి జారిన చీటీ నానుతోంది. అక్షరాలన్నీ కరిగిపోయాయి. జిడ్డు బొటనవేలు మాత్రం చెక్కుచెదరలేదు.