కాలినడకన

ఒటీలియా ఇంట్లో గోడగూడు ఖాళీ అయి ఏడాది కావస్తోంది. అయినా రోజూ సాయంత్రం దాని ముందు కొవ్వొత్తి వెలిగించడం మానలేదావిడ.

"ఎవరికే ఆ దీపం? గోడకా?" అని మొగుడు అబెలీనో ఎగతాళి చేసేవాడు.

"నీకు కళ్లు కనపడాలనిలే. కాఫీ తాగి బస్సు తియ్యి పో" అనేది. అనేసి అటు తిరిగి కళ్లొత్తుకునేది.

ఆ గూట్లో ఉండాల్సినవాడు బాలయేసు. చేరెడు కొయ్యబొమ్మ, బుగ్గన చిన్న చీలిక, అత్తగారు ట్రాన్సితో స్వయంగా కుట్టిన బంగారు అంచు చొక్కా. పోయేముందు ఆ మహాతల్లి కోడళ్లిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి మరీ చెప్పింది. క్రిస్మస్ ముందురోజు ఊరేగింపులో పెద్దకోడలు ఆయన్ని ఎత్తుకుని బయల్దేరాలి. బండెక్కకూడదు, మరొకరి చేతికి ఇవ్వకూడదు. శాన్ సెబాస్టియన్ చర్చి నుంచి శాన్ బ్లాస్ చర్చి దాకా కాలినడకన తీసుకెళ్తే ఏడాది పొడుగునా ఆయన ఆమె ఇంట్లో ఉంటాడు. దారిలో చెయ్యి మారిందా, అందుకున్న కోడలింటికి వెళ్తాడు. వరసగా రెండేళ్లు చెయ్యి మారితే ఇక ఎప్పటికీ ఆ ఇంటివాడే.

పోయినేడు ఒటీలియాకి సగం దారిలోనే ఊపిరందలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. "ఇలా తే అక్కా, నువ్వు పడితే ఆయనా పడతాడు" అంటూ తోటికోడలు దిగ్నా చేతులు చాచింది. ఇచ్చేసింది ఒటీలియా. ఈసారి కూడా ఇవ్వాల్సొస్తే? అమ్మో, ఆ మాటే వద్దు!

సెప్టెంబరులో ఒకరోజు దిగ్నా ఎర్రటి కొత్త బూట్లు వేసుకుని ఊడిపడింది. ఆవిడా మనిషి ఏమంత సన్నం కాదు. బేకరీలో కూర్చుని రొట్టెలమ్మే ఒళ్లు.

"చూశావా అక్కా! పరుగు మొదలెట్టా. డిసెంబరుకల్లా గుర్రంలా తయారవుతా. నీ చేతిలోంచి ఆయన జారిపోతే పట్టుకోవాలి కదా మరి!"

"జారడు."

"జారడులే! మార్కెట్టు మెట్లెక్కితేనే రొప్పుతావు నువ్వు. రేపు రా, మాద్రే పార్కులో ఇద్దరం పరిగెడదాం. ఆ మాత్రం దమ్ముంటే!"

రోషం పొడుచుకొచ్చింది ఒటీలియాకి. మర్నాడు పొద్దున్నే పూలకుట్టు లంగా మీదే పార్కుకి పోయింది. దిగ్నా దూసుకుపోయింది. వెనకే ఒటీలియా రెండు చేతులా లంగా ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. రెండో మలుపులో డొక్కలో పోటు. మూడో మలుపు చేరనేలేదు. గడ్డిలో కూలబడి, తిన్నదంతా కక్కి, ఆకాశం కేసి చూస్తూ పడుకుంది.

"అయిపోయిందా అక్కా? పోనీ, నడవకూడదూ? నడక ముసలివాళ్లకి మంచిదట!" అని పక్కనుంచి వెళ్తూ దిగ్నా పకపకా నవ్వింది.

ఆ తర్వాత రెండ్రోజులు ఒటీలియా మంచం మీంచి దిగాలంటే అబెలీనో చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. పిక్కలు రాళ్లయిపోయాయి. మూడోరోజు, ఒళ్లు కాస్త కుదుటపడగానే, బుట్ట నెత్తినెట్టుకుని గుమ్మం దాటుతూ ఉన్నట్టుండి ఆగింది.

"ముసలివాళ్లకి మంచిదా? సరేనే దిగ్నా, ముసలిదాన్నే అవుతా!"

రోజూ మార్కెట్టుకి మొగుడి బస్సులో పోయే మనిషి ఆరోజు నదివార దారి పట్టుకుని నడిచింది. పక్కనే టొమెబాంబా నది హోరుమంటూ పోతోంది. ఎంత వేగంగా నడవాలో ఆవిడకి చెప్పేవాళ్లెవరూ లేరు. కాని ఆవిడ దగ్గర ఒక కొలత ఉంది. ముప్పై ఏళ్లుగా మార్కెట్టులో ఉడికిన మొక్కజొన్న, అదే మోటే, అమ్ముతున్న గొంతు అది.

"మోటే... వేడివేడి మోటే! రండమ్మా రండి!"

కేక మొదటినుంచి చివరిదాకా తెగకుండా వస్తే ఆ నడక సరే. మధ్యలో తెగిందా, తగ్గాలి. మరీ సులువుగా రాగం తీయగలిగిందా, ఇంకాస్త విసురుగా వేయాలి అడుగు. నెత్తిన బుట్ట పెట్టుకుని, లేని కొనుగోలుదార్లని కేకేస్తూ పోతున్న ఆవిణ్ని చూసి నదిలో బట్టలుతికే ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఏమమ్మా, చేపలకమ్ముతున్నావా మోటే?"

"ఆ! మీకైతే అరువు అడుగుతారుగా!"

అబెలీనో బస్సు పక్కకొచ్చి పాంపాం అని హారను కొట్టేది. కిటికీలోంచి సగం బయటికొచ్చేవాడు. "ఎక్కవే పిచ్చిదానా! మొగుడు డ్రైవరై ఉండి పెళ్లాం నడుస్తోందంటే నా పరువేం కావాలి?" బస్సులో జనమంతా గొల్లుమనేవాళ్లు. ఒటీలియా చెయ్యి ఊపి, గొంతెత్తి, ఇంకో కేక వేసేది.

అక్టోబరు వచ్చేసరికి కేక వంతెన దాకా తెగలేదు. తర్వాత నదిలోంచి ఊళ్లోకెక్కే రాతిమెట్ల సగం దాకా. ఒకరోజు పై మెట్టు మీద నిలబడి, "వేడివేడి మోటే" అని పూర్తిగా, చివరి అక్షరం దాకా లాగింది. కింద నదివాళ్లు చప్పట్లు కొట్టారు! సంతోషం పట్టలేక అక్కడే గిర్రున తిరిగింది ఒటీలియా. యాభై దాటాక మెట్ల మీద గిర్రున తిరగడమేమిటని ఆవిడకే సిగ్గేసింది, అయినా ఇంకోసారి తిరిగింది.

నవంబరులో ఒకనాడు అబెలీనో అన్నం క్యారేజీ బల్ల మీదే మరిచిపోయి వెళ్లాడు. బస్సు మూల తిరుగుతోంది. ఒటీలియా క్యారేజీ పట్టుకుని వీధిలోకి దూకింది. "ఆపయ్యో! నీ తిండయ్యో!" వీధి దాటింది, బేకరీ దాటింది, ఇంకో వీధి దాటింది. స్టాపులో బస్సు తలుపు మీద దబదబా బాదింది. తలుపు తెరుచుకుంది. అబెలీనో నోరు కూడా తెరుచుకుంది.

"ఒటీలియా... నువ్వు పరిగెత్తావే!"

"ఎవరు? నేనా?" కాళ్లకేసి చూసుకుంది. గుండె దడదడలాడుతోంది గాని కళ్లు తిరగడం లేదు, డొక్కలో పోటు లేదు. "అవునయ్యో! పరిగెత్తానే!" అని పెద్దగా నవ్వింది.

ఆ రోజునుంచి నడకలో మధ్యమధ్య కొంచెం పరుగు కలిపేది. దీపస్తంభం నుంచి దీపస్తంభం దాకా పరుగు, మళ్లీ కేక నిలకడగా వచ్చేదాకా నడక.

మరి దిగ్నా? ఆవిడ మొదటివారంలోనే పార్కు చుట్టూ ఆగకుండా పరిగెత్తింది. మోకాలి కింద ఎముక సలిపినా ఒక్కరోజు ఆగలేదు. డిసెంబరు వచ్చేసరికి బేకరీలో బల్ల కింద కాలికి ఐసు కట్టుకుని కూర్చునేది. ఎవరైనా వస్తే కాలు లోపలికి లాక్కునేది. మొండిఘటం!

ఊరేగింపు రోజు కుయెంకా ఊరంతా రోడ్డెక్కింది. పళ్లూ, మిఠాయిలూ, కాల్చిన పందులూ కట్టుకుని గుర్రాలు కదిలాయి. బూరలు మోగాయి. గొర్రెలకాపరుల వేషాల్లో పిల్లలు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, నిద్రపోతున్నారు. శాన్ సెబాస్టియన్ మెట్ల మీద దిగ్నా బాలయేసుని తెచ్చి ఒటీలియా చేతుల్లో పెట్టింది.

"జాగ్రత్తక్కా. నేను పక్కనే ఉంటా."

"ఉండవే. పక్కనే ఉండి చూడు."

పోయినేడు బొమ్మ చెయ్యి మారిన మూల వచ్చింది. ఒటీలియా ఊపిరి చూసుకుంది. ఉంది! బోలెడుంది! ఆ మూల దాటిపోయింది. "బాలయేసుకీ..." అని ఒటీలియా కేకేస్తే వీధి రెండు వైపులా "జై!" అన్నారు. వెనక బాలయేసుకి గొడుగు పట్టిన అబెలీనో, ఎవరో అందించిన మొక్కజొన్న కల్లు, అదే చిచా, గుటుక్కున తాగి, అందరికంటే పెద్దగా జై కొట్టాడు. పక్కన దిగ్నా పళ్ల బిగువున కుంటుతోంది.

ఇంకో రెండు వీధులు దాటితే శాన్ బ్లాస్ అనగా వచ్చిపడింది ఆపద. ముందున్న నాట్యబృందం ఎప్పుడో వెళ్లిపోయింది, మధ్యలో పెద్ద ఖాళీ. ఊరేగింపు నడిపే విజిలాయన ఊగిపోతూ వచ్చాడు.

"కదలండి! వెనక గుర్రాలొచ్చేస్తున్నాయి! ఖాళీ పూడ్చకపోతే మిమ్మల్ని పక్కసందులోకి తిప్పేస్తా, శాన్ బ్లాసూ లేదు ఏమీ లేదు!"

పక్కసందులోకా? ఇంతదాకా వచ్చా? దిగ్నా ఆగి, కాలు పట్టుకుని, అలవాటుగా చేతులు చాచింది. "ఇలా తే అక్కా, నువ్వు పరిగెత్తలేవు..." అంటూనే ఒక అడుగు వేసి, "అమ్మా!" అని కూలబడబోయి గోడ పట్టుకుంది.

ఒటీలియా ఆ చేతులకేసి చూసింది. బాలయేసుని గుండెకి అదుముకుంది. రెండో చేత్తో లంగా పైకెత్తింది. పరుగందుకుంది!

గడ్డిటోపీ ఎగిరిపోయింది. వెనక అబెలీనో గొడుగుతో సహా పరుగు. "ఆగవే, గొడుగు! గొడుగే!" జనం గోలగోలగా విజిళ్లేశారు. ఒటీలియాకి ఒకటే ధ్యాస, ఊపిరి తెగకూడదు. ఉందో లేదో చూసుకోవడానికి గొంతెత్తి ఆవిడ వేసిన కేక ఏమిటనుకున్నారు?

"మోటే! వేడివేడి మోటే! రండమ్మా రండి!"

వీధి వీధంతా ఒక్క గొంతుతో, "జై!" అంది.

శాన్ బ్లాస్ మెట్ల మీద కూర్చుని ఒటీలియా నవ్వుతోంది, ఏడుస్తోంది. బాలయేసు చొక్కా చెమటతో తడిసింది. కాసేపటికి దిగ్నా ఎర్రబూట్లు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"చెల్లదు!" అంది వచ్చీరాగానే. "అత్తయ్య ఏమంది? కాలినడకన అంది. నడకన! నువ్వు పరిగెత్తావు. అందరూ చూశారు."

అబెలీనో గొడుగు మడవబోయి ఆగిపోయాడు. ఒటీలియా బాలయేసుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత లేచి నిలబడింది.

"ఏమే దిగ్నా! మూడునెలలు నడక ముసలివాళ్లదన్నావు. నడిచేవాళ్లని చూసి నవ్వావు. ఇవాళ నడక తప్ప ఇంకేదీ చెల్లదంటున్నావా? ఆ నడకే నేర్పిందే నాకు ఈ పరుగు! అయినా అత్తయ్య చెప్పింది బండెక్కొద్దని. నేనెక్కిన బండేదో చూపించు!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. దిగ్నా కూడా నవ్వబోయింది. నవ్వు కాస్తా ఏడుపైపోయింది. మెట్టు మీద చతికిలపడి బూట్లు ఒళ్లో పెట్టుకుంది.

"నీ మరిది పోయాక, రొట్టెలమ్మి ఇంటికొస్తే పలకరించే దిక్కుండదక్కా. ఈ ఏడాదంతా తలుపు తీస్తూనే ఆయనతో మాట్లాడేదాన్ని. అలవాటైపోయాడు. ఇప్పుడు ఇంట్లోకెలా అడుగెయ్యను?"

ఒటీలియాకి గుండె చెరువైంది. ఖాళీగూడు ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదా? అయినా బొమ్మని మాత్రం చేతుల్లోంచి వదల్లేదు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది.

పండగ వెళ్లి, దిగ్నా కాలు నెమ్మదించాక, ఒక తెల్లవారుజామున ఒటీలియా తలుపు చప్పుడైంది. గుమ్మంలో దిగ్నా, పాత చెప్పులతో. ముందు గూటి దగ్గరికి పోయి బాలయేసు బుగ్గ నిమిరింది, ఆయనతో గుసగుసగా ఏదో చెప్పుకుంది. తర్వాత ఇద్దరూ నదివార దారి పట్టారు. పది అడుగులు వేయగానే అలవాటు చొప్పున దిగ్నా ముందుకి ఉరకబోయింది. ఒటీలియా ఆవిడ శాలువా పట్టుకుని లాగింది.

"అంత తొందరేమిటే? ముందు కేకెయ్యి, వింటాను."

"ఏం కేక అక్కా? నేనమ్మేది రొట్టెలు కదా!"

"రొట్టెలే కేకెయ్యవే!"

దిగ్నా సిగ్గుపడుతూ గొంతు సవరించుకుంది. "రొట్టెలు... వేడివేడి రొ..." అని సగంలో తెగిపోయింది.

"చూశావా? తగ్గు" అంది ఒటీలియా, తన అడుగు కూడా తగ్గిస్తూ.