పచ్చ బల్లికి ప్రైమర్

మా బావకు రంగుల కొట్టు ఉంది. లోకంలో దేన్నైనా షేడ్ కార్డు పక్కన పెట్టి చూస్తేగాని ఆయనకు నమ్మకం కుదరదు. అలాంటి మనిషి ఒకరోజు పగటిపూట తిరిగే బల్లుల జతను కొని తెచ్చాడు. నిగనిగలాడే పచ్చ రంగు, నడుం మీద ఎర్ర చుక్కలు, కంటి వెనక కాస్త నీలం. అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ ఇంట్లో ఎవరూ వాటిని బల్లులు అనకూడదట, గెకోలు అనాలట! బల్లి అని వింటే ఆయన ముఖం మాడిపోయేది. అందుకే నేను బల్లి అనడం మానలేదు.

వాటికి ఎండ కావాలి, తేమ కావాలి, పాకడానికి నిలువుగా వెదురు బొంగులు కావాలి. ఎండ పడే గది ఇంట్లో ఒక్కటే. అందులో మా అక్క కుట్టుమిషన్ ఉంది. అది వరండాలోకి వచ్చింది, గాజుపెట్టె గదిలోకి వెళ్ళింది. అక్క వరండాలోనే స్కూలు యూనిఫారాలు కుట్టుకుంది. బావ రాజా, రాణి అని పేర్లు పెట్టిన ఆ బల్లులు మాత్రం తేనె నాకుతూ, పురుగులు మింగుతూ దర్జాగా బతికాయి.

మెడకు రెండు వైపులా ఉబ్బినది రాజా అట. "ఆ ఠీవి చూశావా బామ్మర్దీ?" అని రోజూ నా ప్రాణం తీసేవాడు.

పెరట్లోంచి కొత్త బొంగు తెచ్చి పెట్టిన మర్నాడే దాని లోపల రెండు తెల్లటి గుడ్లు కనిపించాయి. బావ కాళ్ళు నేల మీద నిలవలేదు.

"గుడ్లు అదిరితే లోపల పిల్ల చచ్చిపోతుంది. మిషన్ ఆపెయ్" అన్నాడు అక్కతో.

"బడి తెరిచేలోగా బట్టలివ్వకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారండీ."

"బట్టలు ఎవరైనా కుడతారు. గెకోలు పుట్టాలంటే మాటలా?"

నాకు ఒళ్ళు మండింది. అక్క చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. వేళ్ళు పుళ్ళు పడ్డాయి, బట్టల గుట్ట మాత్రం తరగలేదు.

బడి తెరవడానికి వారం ఉందనగా గుడ్డు పగిలింది. బావ పరుగున వెళ్ళి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. బూడిద రంగులో, పుల్లంత పిల్ల ఒకటి గాజుకు అతుక్కుని ఉంది.

డాక్టరు వంగి చూశాడు. "ఇది మామూలు గోడ బల్లి పిల్లండీ. గుడ్లు ఆ బొంగుతోనే వచ్చుంటాయి. పైగా మీ రాజా ఆడది. ఆ ఉబ్బు గుడ్ల పెంకు కోసం దాచుకున్న సున్నం. రెండోదీ ఆడదే."

నేను నవ్వాపుకోలేక దగ్గాను. బావ మాత్రం చలించలేదు.

"మీకు రంగుల సంగతి తెలీదు డాక్టరుగారూ. ఇది ప్రైమర్, అడుగు పూత. అసలు పచ్చ రెండో కోటుకి వస్తుంది." అక్క వైపు తిరిగాడు. "ఇంకో రెండు నెలలు మిషన్ జోలికి వెళ్ళకు."

అక్క గాజుపెట్టె ఒక కొస పట్టుకుని నాకేసి చూసింది. నేను రెండో కొస పట్టుకున్నాను. వరండాలో దించాక చేతులు దులుపుకుంది.

"ఇక్కడ గాలి బాగా ఆడుతుంది. తొందరగా ఆరుతుంది" అంది. "రెండో కోటు మీరే దగ్గరుండి వేయించుకోండి."

మిషన్ గదిలోకి చేరింది. తలుపు మూసుకుంది. చప్పుడు మొదలైంది. నా కడుపు నిండిపోయింది.