పెళ్లికొడుకు చేతి వాచీ

కొత్తగూడెంలో గనుల ఆఫీసు ఉద్యోగి జగదీష్, ఏళ్ల తరబడి దాచిందంతా ఊడ్చి ఒక వాచీ కొన్నాడంటే నమ్మండి! మామూలు వాచీ కాదండోయ్. అలల మీద ఊగే ఓడల్లో కూడా సెకను తప్పకూడదని వందేళ్ల కిందట చేసిన యంత్రాన్ని మళ్లీ బతికించి, లోకమంతటికీ కొన్ని వందలే తయారుచేశారట. ఆ మహానుభావుడు దాన్ని చేతికి పెట్టుకుంటేనా! పెట్టెలో దూది పరిచి పడుకోబెట్టాడు. పొద్దున్నే కీ తిప్పడం, మూత పెట్టేయడం.

ఇంత సేవ చేసినా వాచీ రోజురోజుకూ వెనకబడుతోంది. భార్య జ్యోత్స్న తన ఫోన్ పక్కన పెట్టి చూసి పకపకా నవ్వింది.

"నీ వాచీ కన్నా నా ఫోనే నయం. ఆదివారం దాకా చూస్త. మళ్ల టైం తప్పిందనుకో, కంపెనీకి వాపస్ పంపుడే!"

"అవ్, గట్లనే" అంటూనే జగదీష్ పెట్టెలో ఇంకో పొర దూది పరిచాడు.

శుక్రవారం చిన్నాన్న కొడుకు బద్యా పెళ్లికి, వాచీ పెట్టెను వెంటబెట్టుకునే, అడవి అంచున ఉన్న తమ తండాకు వెళ్లారు. అక్కడొక ఆనవాయితీ ఉంది. ఎవరింట మంచి వస్తువున్నా పెళ్లికొడుకు ఒంటి మీదకు రావాల్సిందే. చొక్కా ఒకరిది, బూట్లు ఒకరివి. నానమ్మ సోమ్లి దూది పక్కకు నెట్టి, వాచీకి కుంకుమ బొట్టు పెట్టింది.

"నానమ్మా, అది మస్తు నాజూకుది!"

"పెండ్లిపిలగాని కన్నా నాజూకా ఏంది?"

ఇంకేం చేస్తాడు? ఫోన్ చూసి టైం సరిచేసి, తన చేత్తోనే బద్యాకు కట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఊరేగింపు. డీజే మోగింది. బద్యా చెయ్యి పైకి విసిరితే జగదీష్ ప్రాణం కూడా పైకి పోయింది. వాచీ ఊడితే పట్టుకుందామని దోసిలి పట్టి, ఆ చేతి కిందే ఎగిరాడు, వంగాడు, గిర్రున తిరిగాడు. అదేదో కొత్త స్టెప్పు అనుకున్నారు జనం. కాసేపట్లో తండాకు తండా అంతా దోసిళ్లు పట్టి గెంతింది! పెళ్లిపీటల మీద కూడా వదలకుండా బద్యా చెయ్యి లాక్కుని కీ తిప్పాడు.

"అన్నా, నా పెండ్లా, నీ వాచీ పెండ్లా?" అన్నాడు బద్యా.

ఆదివారం జ్యోత్స్న బద్యా మణికట్టు పక్కన ఫోన్ పెట్టింది. చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. సెకనుకు సెకను సరిగ్గా ఉంది!

"ఊగెటోళ్ల కోసం చేసిందే! నేనే పిచ్చోణ్ణి, దూదిల పండబెట్టిన!" అని జగదీష్ అరిచాడు. డీజే లేకుండానే గెంతాడు. సంతోషం పట్టలేక జ్యోత్స్నను కూడా గిర్రున తిప్పాడు.

"సరే సరే, ఉంచుకో" అంది ఆమె నవ్వాపుకోలేక.

"వచ్చే నెల నా చిన్న మనుమడు మోతీ పెండ్లి" అని సోమ్లి అందుకుంది.

"తెస్త నానమ్మా!" వాచీ తన చేతికి కట్టుకుని, పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. "గిది నాకెందుకు? నీ పొగాకు దాసుకో."

సోమ్లి దూదిని మెత్తగా నొక్కి చూసి, పెట్టెను చంకలో పెట్టుకుంది.

"గిది నాజూకుదిరా. పెండ్లికి ఇయ్య" అంది.